ఎల్ఈడీ బ్రైట్‌నెస్, వ్యూయింగ్ యాంగిల్: రెండూ కలిపి పోల్చడం ఎలా?

20,000 ఎంసీడీ అని రాసిన ఎల్ఈడీ ఒకటి, 600 ఎంసీడీ అని రాసినది ఇంకొకటి పక్కపక్కన కనిపిస్తే చెయ్యి మొదటిదాని మీదికే పోతుంది. ఆ పెద్ద అంకె పక్కనే చిన్న అక్షరాల్లో 15 డిగ్రీలు అనీ, రెండోదాని పక్కన 120 డిగ్రీలు అనీ ఉంటుంది. చాలామంది అది చదవరు. నిజానికి లెక్క కట్టి చూస్తే మొత్తం మీద ఎక్కువ వెలుగు ఇచ్చేది ఆ 600 ఎంసీడీదే. మొదటిది తన వెలుగంతా ఒక సన్నటి గీతలోకి తోసేస్తుంది, అంతే తేడా.

అందుకే హాబీ ప్రాజెక్టులకు ఎల్ఈడీ ఎంచుకునేటప్పుడు ముందు కోణం తేల్చుకోండి, బ్రైట్‌నెస్ అంకె జోలికి ఆ తర్వాత వెళ్లండి. ఈ వరుస తారుమారు చేస్తే మోడల్ ఇంట్లో ఒక మూల మాత్రమే మండిపోతూ, మిగతా గదంతా చీకటిగా ఉంటుంది.

ముందు ఆ రెండు అంకెలకు అర్థం తెలుసుకోండి

ఎంసీడీ అంటే మిల్లీకాండెలా. వెయ్యి కలిస్తే ఒక కాండెలా. ఇది ఒక దిశలో, సాధారణంగా ఎల్ఈడీకి సరిగ్గా ఎదురుగా, వెలుగు ఎంత తీవ్రంగా వస్తోందో చెబుతుంది. అన్ని వైపులా కలిపి ఎంత వెలుగు బయటికి వస్తోందన్నది దీన్నిబట్టి తెలియదు. దానికి వేరే కొలత ఉంది, ల్యూమెన్.

ఒక మామూలు కొవ్వొత్తిని తీసుకోండి. అది ఏ వైపు నుంచి చూసినా సుమారు ఒక కాండెలా ఇస్తుంది. అన్ని వైపులా లెక్కేస్తే దాదాపు 12.5 ల్యూమెన్లు. మన 20,000 ఎంసీడీ ఎల్ఈడీ ఎదురుగా నిలబడితే ఇరవై కొవ్వొత్తులంత తీవ్రంగా కనిపిస్తుంది. కానీ అది ఇచ్చే మొత్తం వెలుగు ఒక్క కొవ్వొత్తిలో పదో వంతు, కాస్త అటూ ఇటూ.

ఇక వ్యూయింగ్ యాంగిల్. ఎదురుగా ఉన్న తీవ్రత పక్కకు పోయేకొద్దీ తగ్గుతుంది కదా, అది సగానికి పడిపోయే చోటు ఒక వైపు నుంచి రెండో వైపు వరకు ఎన్ని డిగ్రీలుంటే అదే వ్యూయింగ్ యాంగిల్. ఆ అంచు దాటగానే వెలుగు ఆగిపోదు, సగం కంటే తక్కువగా కొనసాగుతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. కొన్ని డేటాషీట్లలో (కంపెనీ ఇచ్చే వివరాల పత్రాల్లో) మొత్తం కోణం ఇస్తారు, కొన్నింటిలో మధ్యగీత నుంచి ఒక వైపు కోణమే ఇస్తారు. ప్లస్ ఆర్ మైనస్ గుర్తుతో 15 అని ఉంటే అది 30 డిగ్రీల ఎల్ఈడీ. రెండు కంపెనీల భాగాలు పోల్చేటప్పుడు ముందుగా చూడాల్సింది ఇదే. డేటాషీట్‌లో తీవ్రత గ్రాఫ్ ఉంటే దాన్నే నమ్మండి, అంకెలో తికమక ఉన్నా గీతలో ఉండదు.

ఒకటో పని: ఎవరు దేన్ని చూడాలో తేల్చుకోండి

హాబీ లైటింగ్‌లో రెండే రకాల అవసరాలుంటాయి. మొదటిది, ఎల్ఈడీనే చూడాలి: ప్యానెల్ మీద ఇండికేటర్, రోబో కళ్లు, మోడల్ రైలు సిగ్నల్. రెండోది, ఎల్ఈడీ కనిపించకూడదు, అది వెలిగించే వస్తువు కనిపించాలి: బొమ్మ మీద స్పాట్, అక్షరాల బోర్డు, మోడల్ ఇల్లు.

మొదటి రకానికి చూసేవాళ్లు ఎక్కడెక్కడ నిలబడతారో ఆలోచించండి. టేబుల్ మీది పరికరం అయితే పక్క నుంచీ, పై నుంచీ చూస్తారు. సన్నటి కోణం ఎల్ఈడీ పెడితే ఎదురుగా ఉన్నవాళ్లకు కళ్లలో గుచ్చుకుంటుంది, పక్కనున్నవాళ్లకు ఆరిపోయినట్టే ఉంటుంది. 60 డిగ్రీలు, అంతకంటే ఎక్కువ ఉన్న డిఫ్యూజ్డ్ ఎల్ఈడీలే ఇక్కడ సరైనవి. పాలవంటి రంగు ప్లాస్టిక్‌లో ఉండేవి అవే. ఇండికేటర్‌కు 20 మిల్లీయాంపులు అక్కర్లేదు, ఇప్పటి ఎల్ఈడీలకు ఒకటి రెండు మిల్లీయాంపులు ఇచ్చినా గదిలో హాయిగా కనిపిస్తాయి.

రెండో రకానికి చిన్న లెక్క కావాలి. వెలిగించాల్సిన చోటు ఎంత వెడల్పు, ఎల్ఈడీ దానికి ఎంత దూరం? వెడల్పును దూరంతో భాగించండి. వచ్చిన అంకెను వీటితో పోల్చండి: 15 డిగ్రీలకు 0.26, 30 డిగ్రీలకు 0.54, 60 డిగ్రీలకు 1.15, 90 డిగ్రీలకు 2, 120 డిగ్రీలకు దాదాపు 3.5. ఉదాహరణకు 40 సెంటీమీటర్ల వెడల్పున్న చిన్న దృశ్యాన్ని 70 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వెలిగించాలి. 40ని 70తో భాగిస్తే 0.57. అంటే 30 డిగ్రీల ఎల్ఈడీ సరిపోతుంది. అంచుల దగ్గర వెలుగు సగం కంటే కాస్త తక్కువే ఉంటుందని గుర్తుంచుకోండి. అంచులు కూడా బాగా వెలగాలంటే ఇంకొంచెం వెడల్పు కోణం తీసుకోండి, లేదా రెండు ఎల్ఈడీలు పెట్టండి.

రెండో పని: వేర్వేరు కోణాల ఎల్ఈడీలను ఒకే తూకంలో పెట్టండి

రెండిటి కోణాలూ ఒకటే అయితే ఎంసీడీలను నేరుగా పోల్చవచ్చు. కోణాలు వేరైతే ఎంసీడీని ల్యూమెన్లకు మార్చాలి. కాండెలాలో ఉన్న తీవ్రతను కోణానికి తగిన గుణకంతో గుణించడమే. 15 డిగ్రీలకు 0.054, 20కి 0.095, 30కి 0.21, 45కి 0.48, 60కి 0.84, 90కి 1.84, 120కి 3.14.

ఈ గుణకాలు ఎక్కడివంటే, కోణంలో సగం తీసుకుని, దాని కొసైన్‌ను ఒకటి నుంచి తీసేసి, 2π (సుమారు 6.28)తో గుణిస్తే వస్తాయి. లిస్టులో లేని కోణానికి కాలిక్యులేటర్‌తో మీరే చేసుకోవచ్చు.

నాలుగు ఎల్ఈడీలు అనుకుందాం. 15 డిగ్రీల్లో 10,000 ఎంసీడీ, 30లో 4,000, 60లో 1,500, 120లో 600. ఎంసీడీ ప్రకారం మొదటిది ఆఖరిదానికి పదహారు రెట్లకు పైనే. ల్యూమెన్లలోకి మారిస్తే మొదటిది 0.54, రెండోది 0.84, మూడోది 1.26, నాలుగోది 1.88. వరుస మొత్తం తలకిందులైంది.

ఈ లెక్క ఒక అంచనా మాత్రమే. కోణం లోపల వెలుగంతా ఒకే తీవ్రతతో ఉందనీ, బయట ఏమీ లేదనీ అనుకుని కట్టినది. నిజం ఎల్ఈడీ అలా ఉండదు, కాబట్టి సన్నటి కోణాల దగ్గర అసలు ల్యూమెన్లు దీనికంటే మూడో వంతో, ఇంకాస్తో ఎక్కువ ఉండవచ్చు. ఎల్ఈడీల మధ్య ఏది మేలో తేల్చుకోవడానికి ఈ అంచనా చాలు.

ల్యూమెన్లు ఎక్కువ ఉన్నదే మంచిదని తొందరపడకండి. రెండు మీటర్ల దూరంలో ఉన్న ఒక చిన్న బొమ్మ మీద స్పాట్ పడాలంటే 120 డిగ్రీల ఎల్ఈడీ వెలుగులో చాలా భాగం గోడల మీద వృథాగా పడుతుంది. అక్కడ గెలిచేది 15 డిగ్రీలదే. వస్తువు మీద ఎంత వెలుగు పడుతుందో తెలియాలంటే లక్స్ చూడాలి: కాండెలాను మీటర్లలో ఉన్న దూరం వర్గంతో భాగించండి. 10,000 ఎంసీడీ అంటే 10 కాండెలా, మీటరు దూరంలో 10 లక్స్, అర మీటరులో 40, రెండు మీటర్లలో 2.5. పైన చెప్పిన 600 ఎంసీడీది మీటరు దూరంలో 0.6 లక్స్ ఇస్తుంది. కానీ మూడున్నర మీటర్ల మేర పరుచుకుంటుంది.

మూడో పని: డేటాషీట్ షరతులు చదవండి

తేడాలన్నీ దాక్కునేది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చూడండి.

కరెంటు మొదటిది. 5 ఎంఎం ఎల్ఈడీలకు మామూలుగా 20 మిల్లీయాంపుల దగ్గర ఎంసీడీ ఇస్తారు. తక్కువ కరెంటు రకాలకు 2 మిల్లీయాంపుల దగ్గర ఇస్తారు. 2 మిల్లీయాంపుల దగ్గర 50 ఎంసీడీ ఇచ్చేది, 20 దగ్గర 200 ఇచ్చేదానికంటే తక్కువదేం కాదు. మీరు ఎంత కరెంటుతో నడపబోతున్నారో దాని దగ్గరి విలువను గ్రాఫ్‌లో చూడండి.

రెండోది, మినిమమ్, టిపికల్, మ్యాగ్జిమమ్ అని మూడు అంకెలుంటాయి. ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసేది సాధారణంగా టిపికలో, మ్యాగ్జిమమో. మీ చేతికి వచ్చే ముక్కకు హామీ ఉన్నది మినిమమ్‌కే. లెక్కలన్నీ మినిమమ్‌తో వేసుకుంటే తర్వాత నిరాశ ఉండదు. ఒకే రకం ఎల్ఈడీల్లో కూడా ఫ్యాక్టరీలో బ్రైట్‌నెస్‌ను బట్టి బిన్‌లుగా వేరు చేస్తారు. ఒక వరుసలో ఇరవై ఎల్ఈడీలు పెట్టాలనుకుంటే అన్నీ ఒకే బిన్‌వి తీసుకోండి. వేర్వేరు బిన్‌లవి కలిస్తే పక్కపక్కన పెట్టినప్పుడు ఇట్టే తెలిసిపోతుంది. తెల్ల ఎల్ఈడీల్లో రంగు ఛాయ కూడా మారుతుంది.

మూడోది రంగు. కాండెలా, ల్యూమెన్ రెండూ మనిషి కంటి స్పందనను బట్టి కట్టినవి. పగటి వెలుగుకు అలవాటుపడిన కన్ను 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ రంగును అన్నిటికంటే బాగా పట్టుకుంటుంది. నీలం, ముదురు ఎరుపు దగ్గర స్పందన బాగా తగ్గుతుంది. అందుకే నీలం ఎల్ఈడీ ఎంసీడీ తక్కువగా కనిపిస్తే అది నాసిరకమని అనుకోవద్దు. ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీకి ఎంసీడీ అనేదే ఉండదు, దాన్ని స్టెరేడియన్‌కు (ఘనకోణాన్ని కొలిచే యూనిట్) మిల్లీవాట్లలో కొలుస్తారు.

నాలుగో పని: మీరే కొలవండి

కాగితం మీద ఎంత పోల్చినా, డబ్బాలో వచ్చిన ఎల్ఈడీ ఎలా ఉందో కొలిస్తేనే తెలుస్తుంది. ఇందులో ఖరీదైన సామాను ఏదీ లేదు. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్, లేదా బీహెచ్1750 లాంటి లైట్ సెన్సర్ మాడ్యూల్, ఒక కోణమానిని, స్కేలు, నల్లటి గుడ్డ, చీకటి గది. ఫోన్ వాడితే సెన్సర్ ఎక్కడుందో ముందు కనుక్కోండి. సాధారణంగా ముందువైపు ఇయర్‌పీస్ దగ్గర ఉంటుంది, వేలు అడ్డం పెట్టి చూస్తే అంకె పడిపోతుంది. ఫోన్ చూపే లక్స్ నిఖార్సైనది కాకపోవచ్చు, కానీ ఒకే ఫోన్‌తో రెండు ఎల్ఈడీలను పోల్చడానికి పనికొస్తుంది.

పోల్చే రెండు ఎల్ఈడీలకూ ఒకే కరెంటు వెళ్లాలి. దీనికి సులువైన దారి వాటిని సిరీస్‌లో కలపడం. 12 వోల్టుల సప్లైకి రెండు తెల్ల ఎల్ఈడీలు, ఒక 330 ఓమ్‌ల రెసిస్టర్ సిరీస్‌లో పెడితే, ఒక్కో ఎల్ఈడీ 3.2 వోల్టులు తీసుకుంటుందనుకుంటే, రెండిటిలోనూ సుమారు 17 మిల్లీయాంపులు వెళ్తాయి. కొలవనిదాన్ని నల్ల గుడ్డతో కప్పేయండి. ఐదు నిమిషాలు వెలగనివ్వండి. వేడెక్కేకొద్దీ ఎల్ఈడీ వెలుగు కొంచెం తగ్గి నిలకడకు వస్తుంది, ఎరుపు, ఆంబర్ రంగుల్లో ఈ తగ్గుదల ఎక్కువ.

కోణమానినిని బల్ల మీద పరిచి, దాని కేంద్రం మీద ఎల్ఈడీ ఉండేలా, తిప్పడానికి వీలుగా అమర్చండి. కదపాల్సింది ఎల్ఈడీని, సెన్సర్‌ను కాదు. సెన్సర్‌ను అర మీటరు దూరంలో, ఎల్ఈడీ ఎత్తులోనే బిగించండి. వెనకా పక్కలా నల్ల గుడ్డ వేయండి. తెల్ల గోడ దగ్గర్లో ఉంటే అది తిప్పికొట్టే వెలుగు కొలతను పాడుచేస్తుంది.

ఎల్ఈడీ ఆర్పి ఒకసారి రీడింగ్ రాసుకోండి. ఒక లక్స్ వచ్చిందనుకుందాం. వెలిగించి, అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ అన్నిటికంటే ఎక్కువ రీడింగ్ వచ్చే స్థానం పట్టుకోండి. 25 లక్స్ వచ్చిందనుకుంటే, అందులోంచి ఒకటి తీసేస్తే 24. దూరం అర మీటరు, దాని వర్గం 0.25. గుణిస్తే 6 కాండెలా, అంటే 6,000 ఎంసీడీ. ఇప్పుడు రీడింగ్ 13కి పడేదాకా కుడివైపు తిప్పండి (12కి చీకటి రీడింగ్ ఒకటి కలిపితే 13). 14 డిగ్రీల దగ్గర పడింది. ఎడమవైపు 16 దగ్గర పడింది. రెండూ కలిపితే వ్యూయింగ్ యాంగిల్ 30 డిగ్రీలు. రెండు వైపులా సమానంగా రాలేదంటే మీరు పట్టుకున్న నడిమి స్థానం ఒక డిగ్రీ పక్కకు జరిగిందన్నమాట. సన్నటి ఎల్ఈడీల్లో లోపలి చిప్ సరిగ్గా మధ్యలో లేక, వెలుగు ఎల్ఈడీ ముక్కు చూసే దిశ కంటే కాస్త ఓరగా పోవడం మామూలే. స్పాట్ కోసం బిగించేటప్పుడు ఎల్ఈడీ ముక్కును చూసి కాదు, గోడ మీద పడ్డ వెలుగును చూసి గురిపెట్టండి.

మరీ దగ్గర నుంచి కొలవకండి. లెన్స్ ఉన్న ఎల్ఈడీ దగ్గర్లో దూరం వర్గం లెక్క సరిగ్గా పనిచేయదు. ఈ ఇబ్బంది వల్లే సీఐఈ 127 అనే అంతర్జాతీయ పత్రంలో ఎల్ఈడీ కొస నుంచి 316 మిల్లీమీటర్లు, 100 మిల్లీమీటర్లు అని రెండు దూరాలు ఖాయం చేసి పెట్టారు. 30 నుంచి 50 సెంటీమీటర్లు మనకు బాగుంటుంది. సన్నటి కోణం, ఎక్కువ ఎంసీడీ ఉన్న ఎల్ఈడీలోకి దగ్గరగా కళ్లు పెట్టి చూడకండి, పిల్లలను అసలు చూడనివ్వకండి. పోల్చాల్సింది తెల్ల కాగితం మీద పడ్డ వెలుగును.

మీటరు ఏదీ లేకపోయినా ఒక పాత పద్ధతి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. 19వ శతాబ్దంలో రాబర్ట్ బున్సెన్ పేరుతో ప్రచారంలోకి వచ్చింది. తెల్ల కాగితం మధ్యలో ఒక నూనె చుక్క వేసి, ఎక్కువైంది తుడిచేయండి. ఆ కాగితాన్ని చీకట్లో రెండు ఎల్ఈడీల మధ్య నిలబెట్టండి. మీరున్న వైపు వెలుగు తక్కువైతే నూనె మచ్చ చుట్టూ ఉన్న కాగితం కంటే వెలుగ్గా కనిపిస్తుంది, ఎక్కువైతే నల్లబడుతుంది. కాగితాన్ని ముందుకీ వెనక్కీ జరపండి. రెండు వైపుల నుంచీ మచ్చ ఒకేలా కనిపించిన చోట రెండు ఎల్ఈడీల వెలుగూ కాగితం మీద సమానం. ఒకటి 30 సెంటీమీటర్లలో, రెండోది 60 సెంటీమీటర్లలో ఉంటే దూరం రెట్టింపు కాబట్టి రెండోది తీవ్రతలో నాలుగు రెట్లు. రెండూ ఒకే రంగువైతేనే ఇది బాగా కుదురుతుంది.

ఐదో పని: కోణాన్ని మీకు కావలసినట్టు మార్చుకోండి

సన్నటిదాన్ని వెడల్పు చేయడం తేలిక. పారదర్శక ఎల్ఈడీ ముక్కును సన్నటి గరుకు కాగితంతో రుద్దితే డిఫ్యూజ్డ్‌లా మారుతుంది. తలను చదునుగా అయ్యేదాకా అరగదీస్తే లెన్స్ పోయి కోణం బాగా పెరుగుతుంది, లోపలి తీగ తగలకుండా చూసుకోండి. ట్రేసింగ్ పేపర్ ముక్క అడ్డం పెట్టినా, ఎల్ఈడీని తెల్లటి గోడ వైపు తిప్పి అక్కడి నుంచి వెలుగు రప్పించినా పని అవుతుంది. మోడల్ ఇళ్లలో నాకు ఈ గోడ పద్ధతే నచ్చుతుంది, కిటికీలోంచి చూసినా ఎల్ఈడీ చుక్కలా కనిపించదు. ముందే వెడల్పుగా కావాలంటే స్ట్రా హ్యాట్ రకం 5 ఎంఎం ఎల్ఈడీలు దొరుకుతాయి.

వెడల్పుదాన్ని సన్నగా చేయాలంటే మాత్రం లెన్సో, రిఫ్లెక్టరో కావాలి, అందులో కొంత వెలుగు పోతుంది కూడా. ఒక వాట్ పవర్ ఎల్ఈడీల డేటాషీట్‌లో ఎంసీడీకి బదులు ల్యూమెన్లు ఇచ్చేది ఇందుకే. అవి సాధారణంగా 120 డిగ్రీల చుట్టూ ఉంటాయి. 10, 30, 60 డిగ్రీల లెన్స్‌ల్లో మీకు కావలసింది పైన పెట్టుకుంటారు. వీటికి హీట్‌సింక్ తప్పనిసరి.

కొన్ని ప్రాజెక్టులకు నా ఎంపిక

అక్షరాల బోర్డు, లైట్ బాక్స్: 120 డిగ్రీలు. ఎల్ఈడీల మధ్య దూరం బాక్స్ లోతు కంటే ఎక్కువ ఉండకూడదు. లోతు 5 సెంటీమీటర్లయితే ఎల్ఈడీలు 5 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున, లేదంటే ముందు పలక మీద చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. లోతు తగ్గిస్తే ఎల్ఈడీల సంఖ్య పెంచాల్సిందే, ఎంసీడీ పెంచి లాభం లేదు.

ఫైబర్ ఆప్టిక్ నక్షత్రాలు: 15 నుంచి 20 డిగ్రీలు. ఫైబర్ కొసలోకి దూరిన వెలుగే పనికొస్తుంది కాబట్టి ఇక్కడ ఎంసీడీ పెద్దదైతే నిజంగానే మేలు.

అంచు నుంచి వెలిగే యాక్రిలిక్ పలక: 3 ఎంఎం ఎల్ఈడీలు, 30 డిగ్రీల దగ్గర్లో. మరీ సన్నటివైతే పలకలో గీతలు గీసినట్టు వెలుగు చారలు కనిపిస్తాయి.

సైకిల్ వెనక లైటు: మధ్యలో సన్నటిది ఒకటి, పక్కల 60 డిగ్రీలవి రెండు. మలుపులో పక్క నుంచి వచ్చేవాళ్లకు కనిపించేది ఆ రెండే.

బ్రైట్‌నెస్ పెంచాల్సి వస్తే కాస్త కాస్తగా కాకుండా కనీసం రెట్టింపు చేయండి. కంటికి ఇరవై శాతం తేడా పక్కపక్కన పెడితే తప్ప తెలియదు, రెట్టింపు చేసినా రెండింతలుగా కనిపించదు. తగ్గించాలంటే రెసిస్టర్ విలువ పెంచితే చాలు. అందుకే బోర్డుకు టంకం వేసేముందు ఆ చోట ఒక వేరియబుల్ రెసిస్టర్ పెట్టి, దానికి సిరీస్‌లో 100 ఓమ్‌ల రెసిస్టర్ కూడా ఉంచి, 5 వోల్టులతో తెల్ల ఎల్ఈడీని వెలిగించి చూడండి. ఆ 100 ఓమ్‌లు ఉన్నందువల్ల వేరియబుల్‌ను సున్నాకు తిప్పినా కరెంటు 18 మిల్లీయాంపుల దగ్గరే ఆగుతుంది. ప్రాజెక్ట్ ఉండబోయే గదిలో, అక్కడి మామూలు లైట్లు వెలుగుతుండగా, చూసేవాళ్లు నిలబడే చోట నుంచి సరిచేసుకుని, ఆ తర్వాత మల్టీమీటర్‌తో మొత్తం ఓమ్‌లు కొలిచి దగ్గరి విలువ రెసిస్టర్‌ను బిగించండి.